గడియారాలాయన కుడిచెయ్యి

గడియారాలాయన పక్షవాతంతో మంచాన పడి అయిదు నెలలు. కుడిచెయ్యి పూర్తిగా చచ్చుబడింది. రెండు నెలల కిందట మాటా పోయింది. మాట ఉండగానే పక్క కొట్టు వడ్రంగి దగ్గర మాట తీసుకున్నాడు.

"నా శవపెట్టె నువ్వే చెయ్యి. ఒక్క ఇనప మేకు ఉండకూడదు, మావాళ్ల పద్ధతి. అన్నీ చెక్క చీలలే. శిలువ చెక్కావంటే లేచొచ్చి నీ గోడ గడియారం ఆపేస్తా."

"నువ్వు బాగుచేశాక అదెప్పుడు నడిచింది గనక?" అన్నాడు వడ్రంగి.

ముప్పై ఏళ్లుగా ఇద్దరి కొట్లకూ ఒకటే గోడ. గడియారాలాయన యూదుడు. వడ్రంగి క్రైస్తవ సంఘపెద్ద. అతని మందిరంలో వేదిక పక్కనే ఇశ్రాయేలు జెండా ఉంటుంది. ప్రతి ఆదివారం ఆ జనం కోసం కన్నీళ్లతో ప్రార్థిస్తారు. పక్కనే ఉన్న ఈ యూదుణ్ణి మాత్రం ఇంకా పూర్తికాని పనిలా చూస్తారు.

"మీ పాస్టరు అయ్యగారికి మా జాతంటే ప్రాణం. నేను నాలా ఉండటమే గిట్టదు," అనేవాడు గడియారాలాయన.

ఆఖరి రోజు మధ్యాహ్నం పాస్టరు ఆసుపత్రికి వచ్చాడు. కబురు పెట్టింది వడ్రంగే. మంచానికి అటు పాస్టరు, ఇటు వడ్రంగి. పాస్టరు ఆయన కుడిచెయ్యి అందుకున్నాడు.

"ప్రభువును ఒప్పుకుంటే నా చెయ్యి నొక్కన్నా."

కాసేపటికి పాస్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నొక్కాడు."

పాస్టరు అబద్ధమాడే మనిషి కాదు. తన వేళ్ల వణుకే ఆయనకు జవాబైంది.

ఎడమచెయ్యి వడ్రంగి చేతిలో ఉంది. దాని గోళ్లు అతని అరచేతిలోకి దిగాయి. ఆపమంటూ గడియారాలాయన అతన్నే చూశాడు. వడ్రంగి తల దించుకున్నాడు. గంటలో ప్రాణం పోయింది.

మర్నాడు పెట్టె కోసం గడియారాలాయన కూతురు వడ్రంగి కొట్టుకొచ్చింది. తల్లి సమాధి పక్కనే, తమవాళ్ల మధ్యే తండ్రిని పెట్టాలి. ఆమె వెనకే పాస్టరు, ఇద్దరు పెద్దలు.

"శిలువ చెక్కు మేస్త్రీ. మన సమాధుల తోటలో చోటు చూశాం. ఆయన ఇప్పుడు మనవాడు," అన్నాడు పాస్టరు.

ఆమె వడ్రంగి వైపు తిరిగింది. "నువ్వక్కడే ఉన్నావుగా బాబాయ్. నాన్న నిజంగా ఒప్పుకుంటే నేను అడ్డుపడను."

వడ్రంగి ఉలి కింద పెట్టాడు.

"అయ్యగారూ, మీరు పట్టుకుంది కుడిచెయ్యి. అయిదు నెలలుగా అందులో కదలిక లేదు."

పాస్టరు తన అరచేతిని చూసుకున్నాడు. "ప్రేమతోనే చేశామమ్మా."

"తెలుసండీ. అందుకే నాన్న మిమ్మల్ని ఆపలేకపోయాడు."

వాళ్లు వెళ్లిపోయారు. వడ్రంగి తన చెయ్యి చాపాడు. గోళ్ల గాట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఇది మీ నాన్న ఎడమచెయ్యి. ఆపమన్నాడు. నేను నోరు మెదపలేదు. అయ్యగార్ని పిలిచిందీ నేనే."

"ఎందుకు బాబాయ్?"

"పైన కూడా పక్క కొట్టే కావాలనుకున్నానమ్మా."

ఆమె పెట్టెను తడిమి చూసింది. ఎక్కడా మేకు లేదు.

యూదుల సమాధుల తోట దాకా వడ్రంగి పెట్టె మోశాడు. గేటు దగ్గర ఆమె అతని భుజం మీంచి బరువు తీసుకుని తమవాళ్లకు అందించింది.

"ఇక చాలండీ," అంది.

ఆమె పుట్టినప్పటి నుంచీ అతను బాబాయే. గేటు మూసుకున్నాక కూడా అతను కాసేపు ఆ భుజాన్ని అలాగే వంచి నిలబడ్డాడు.