బాణానికీ బాణానికీ మధ్య

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అక్కని మెరుపు అనేవాళ్ళు, చెల్లెల్ని నిదానం అనేవాళ్ళు. ఇంట్లో అమ్మకి మాత్రం వాళ్ళు పెద్దదీ చిన్నదీ. మూడు నెలల కిందట మెరుపు ఆగిపోయింది. అట్టలు కోసే మిషను కింద అక్క కుడిచెయ్యి పడింది. మూడు వేళ్ళు పోయాయి.

దాంతో అక్క ఖాళీ చేసిన చోట్లు రెండయ్యాయి. ఒకటి ఆ మిషను ముందున్న ఎత్తు స్టూలు. రెండోది, ఐదుగురు ఒక జట్టుగా కంప్యూటర్లో ఆడే యుద్ధంలో విలుకత్తె స్థానం. రెండూ చిన్నదాని నెత్తినే పడ్డాయి.

స్టూలు అడక్కుండానే వచ్చింది. "మీ అక్క చేసిన పనేగా, రక్తంలో ఉంటుందిలే" అన్నాడు సూపర్‌వైజర్. అన్నాక ఆ మాట ఎలా వినిపించిందో తెలిసి దగ్గాడు. రెండో స్థానం అలా రాలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అక్క గోడవైపు తిరిగి పడుకుంది. పిలిస్తే పలికేది కాదు. ఎడమచేత్తో ఒకసారి మౌసు పట్టుకుంది. తెర మీద విలుకత్తె తాగినదానిలా తూలి గోడకి గుద్దుకుంది. అక్క కంప్యూటర్ మీద దుప్పటి కప్పేసింది. ఆ దుప్పటి నెలా పదిరోజులు అలాగే ఉంది. ఒక సాయంత్రం చిన్నది ఊసుపోక దుప్పటి తీసి ఆట తెరిచింది. ఎదురుగా గొడ్డలివాడు వస్తుంటే ఉన్నచోటే నిలబడి బాణాలు వేస్తూ పోయింది. వాడు నింపాదిగా వచ్చి నరికేశాడు.

వెనక నుంచి గొంతు వినిపించింది.

"చెట్టులా నిలబడితే నరక్క ఏం చేస్తారే?"

చిన్నది తల తిప్పలేదు. తిప్పితే ఆ గొంతు మళ్ళీ గోడలోకి వెళ్ళిపోతుందేమోనని భయం వేసింది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ నిలబడి, మళ్ళీ చచ్చింది.

"జరుగు" అంది అక్క. మంచం దిగి వచ్చి పక్కన కూర్చుంది.

అలా మొదలైంది చదువు.

"ఇటు విను. బాణం వెయ్యడంలో రెండు ముక్కలుంటాయి. విల్లు ఎత్తి బాణం వదలడం ఒక ముక్క. వదిలాక చెయ్యి దించి, మళ్ళీ నారి పట్టుకోడం రెండో ముక్క. మొదటి ముక్కలో కదిలావా, బాణం పుట్టకుండానే పోతుంది. రెండో ముక్కలో నిలబడ్డావా, నువ్వు పోతావు. బాణం వేలు దాటిన మరుక్షణం అడుగెయ్యాలి. అడుగు పడేసరికి నారి సిద్ధంగా ఉంటుంది. వదులు, అడుగు. వదులు, అడుగు. తెలిసిందా?"

"తెలిసింది."

"తెలిస్తే చాలదు. వేలికి తెలియాలి."

వేలికి తెలియలేదు. సాధన మైదానంలో ఒక కొయ్యబొమ్మ ఉంటుంది. దాన్ని ఎంత కొట్టినా తిరిగి కొట్టదు. దాని ముందు చిన్నది రోజూ పనినుంచి వచ్చాక రెండు గంటలు బాణాలు వేసేది. శత్రువు మీద నొక్కితే బాణం, నేల మీద నొక్కితే అడుగు. వినడానికి ఇంతే. అక్క ఎడమచేత్తో చెంచా పట్టుకుని బల్ల మీద తాళం వేసేది. చిన్నది ముందు నొక్కితే, "తొందర!" ఆలస్యంగా నొక్కితే, "నిద్ర!"

ఎక్కువగా వినిపించేది "నిద్ర" అనే.

"ఇంట్లో ఇద్దరాడపిల్లలున్నారు, ఇద్దరికీ బాణాలే బాణాలు. గిన్నెలు తోమడానికి మాత్రం ఒక్క చెయ్యీ లేదు" అంది అమ్మ ఒకరోజు వంటగదిలోంచి. అని నాలుక కరుచుకుంది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"నాకు ఒకటిన్నర ఉందిలేమ్మా, అది ఖాళీగా లేదు" అంది అక్క. అని నవ్వింది. మూడు నెలల్లో అదే మొదటి నవ్వు. అమ్మ తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్ళింది. మర్నాటి నుంచి గిన్నెల మాట ఎత్తలేదు. ఇద్దరికీ టీ తెచ్చి బల్ల అంచున పెట్టి, అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయేది.

జట్టు నాయకుడు పగలు కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. అతన్ని అందరూ కెప్టెన్ అంటారు. అక్క ఫోన్ చేస్తే అతను ఆలోచించి చెప్పాడు. "ఆదివారం మధ్యాహ్నం తీసుకురా. ఒక్క ఆట ఆడిస్తాం. చెయ్యి తిరిగితే నీ స్థానం మీ చెల్లిది. నువ్వు వెనక నిలబడి నేర్పించు, మాకూ నువ్వు కావాలి. తిరగకపోతే మాత్రం వేరే అమ్మాయి అడుగుతోంది. ఏమీ అనుకోవద్దు."

"అనుకోను" అంది అక్క.

ఫోన్ పెట్టేశాక చెల్లెలివైపు తిరిగింది. "నువ్వు కుర్చీలో ఉంటే నీ వెనక నాకో చోటుంటుంది. లేదంటే అక్కడికెళ్ళి నేనేం చెయ్యను? వాళ్ళు ఆడుతుంటే టీ అందించనా?" మామూలుగానే అంది. కానీ చిన్నదానికి ఆ మంచమూ ఆ గోడా కళ్ళముందు కదిలాయి. ఆ గోడకీ అక్కకీ మధ్య ఇప్పుడున్నది తన వేలు ఒక్కటే.

వేలేమో పగలంతా ఇంకోటి నేర్చుకుంటోంది.

మిషను సంగతి చెప్పాలి. బల్ల మీద అట్ట పరచాలి. కాలితో మీట నొక్కాలి. పైనుంచి ఇనప పలక దిగి, అట్టని పెట్టె ఆకారంలో కోసి, లేస్తుంది. పూర్తిగా లేచి కొక్కెంలో పడితే 'టక్' మంటుంది. ఆ టక్ వినబడ్డాకే చెయ్యి లోపల పెట్టాలి. గోడ మీద ఆ సంగతే ఎర్రక్షరాల్లో రాసి ఉంటుంది. పలక దిగి లేచేందుకు రెండు క్షణాలు. ఆ రెండు క్షణాలూ మనిషి చేతులు కట్టుకుని కూర్చోవాలి.

అక్క కూర్చునేది కాదు. పలక కొద్దిగా లేవగానే కోసిన అట్ట లాగి, కొత్త అట్ట తోసేది. టక్ అనేసరికి కాలు మళ్ళీ మీట మీద ఉండేది. గంటకి అందరూ రెండొందలు కోస్తే అక్క మూడొందలు కోసేది. "దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊరికే నిలబడేవాళ్ళు ఆటలోనైనా పనిలోనైనా దండగే" అనేది. సూపర్‌వైజర్ కొత్తవాళ్ళని తీసుకొచ్చి మరీ చూపించేవాడు. ఎర్రక్షరాలకి వీపు పెట్టి నిలబడి చూపించేవాడు.

చిన్నది అప్పుడు ఎదురు బల్ల మీద పెట్టెలు మడిచేది. ఆరోజు కూడా అక్కడే ఉంది. పలక లేచింది, అక్క చెయ్యి లోపలికి వెళ్ళింది. అప్పుడు పలక ఎందుకో కొక్కెం దాకా వెళ్ళకుండా జారింది. అంతే. అక్క ముందు అరవలేదు. చెల్లెలివైపే చూసింది, ఏదో అడగబోయినట్టు.

ఇప్పుడు చిన్నది అదే స్టూలు మీద కూర్చుని, ప్రతిసారీ టక్ కోసం ఆగుతుంది. టక్ అన్నాక కూడా ఒక గుక్క ఊపిరి పీల్చి చెయ్యి పెడుతుంది.

"ఏమ్మా నిదానం, అట్టలు కోస్తున్నావా, పొదుగుతున్నావా?" అనేవాడు సూపర్‌వైజర్.

తల వంచుకుని నవ్వేది. ఎనిమిది గంటలు ఆగడం, రెండు గంటలు ఆగకపోవడం. ఎటు లాగితే అటు సాగడానికి వేలేమన్నా రబ్బరా? అయినా శుక్రవారం నాటికి ఏదో జరిగింది. అక్క చెంచా ఆపేసినా తాళం ఆగలేదు. వదులు, అడుగు, వదులు, అడుగు. విలుకత్తె కొయ్యబొమ్మ చుట్టూ నీళ్ళమీద నడిచినట్టు తిరుగుతోంది. తొందర లేదు, నిద్ర లేదు.

 అక్క చెల్లెలి జడ పట్టి లాగింది. "దొంగముఖమా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?"

శనివారమంతా చిన్నది మిషను దగ్గర ఆగింది. వెయ్యిసార్లకి తక్కువ కాకుండా ఆగింది.

ఆదివారం వాళ్ళు వెళ్ళిన గదిలో పది కంప్యూటర్లు, ఒక పాత ఫ్యాను, చెమట వాసన. కెప్టెన్ కుర్చీ లాగి చూపించాడు. పక్క కుర్చీలో లిఫ్టులు బాగుచేసే అతను ఉన్నాడు. ఆటలో అందరికన్నా ముందు నిలబడి దెబ్బలు కాస్తాడు కాబట్టి అతన్ని గోడ అంటారు. ఆ పేరు వినగానే చిన్నదానికి నవ్వు రాలేదు.

"భయపడకు చెల్లెమ్మా. నీ మీదికెవడొచ్చినా ముందు నన్ను పగలగొట్టి రావాలి" అన్నాడతను.

అక్క కుర్చీ వెనక నిలబడింది. కుడిచెయ్యి ఓణీ చెంగులో ఉంది. ఎడమచెయ్యి కుర్చీ వీపు మీద వేసింది.

ఆ మొదటి ఇరవై నిమిషాలకి సాటి వచ్చేవి చిన్నదాని జీవితంలో లేవు. ఒకణ్ణి వెంటాడింది, వాడు తిరగబడితే వెనక్కి అడుగులేస్తూ బాణాలు వేసింది. వాడు ఆమెని ఒక్కసారైనా తాకకుండానే పడిపోయాడు. కెప్టెన్ ఈల వేశాడు. "ఇదేంటి, మెరుపే వచ్చిందేంటి?" అన్నాడు గోడ. కుర్చీ వీపు మీద అక్క వేళ్ళు మెల్లిగా తాళం వేస్తున్నాయి. ఆ తాళం చిన్నదాని వెన్నులోకి వస్తోంది.

ఆఖరి పోరు వచ్చింది. అవతల జట్టులో సమ్మెటవాడు ఒకడు మిగిలాడు. ఇవతల గోడ పడిపోయాడు. మిగతా ఇద్దరూ, కెప్టెన్ కూడా పడిపోయారు. "నువ్వొక్కదానివే, నాలుగు బాణాలు చాలు, వాడి పని అయిపోతుంది" అంటున్నాడు కెప్టెన్. సమ్మెట నేలని కొట్టింది. చిన్నది తప్పించుకుంది. ఒక బాణం. అడుగు. రెండో బాణం. అడుగు. సమ్మెట మళ్ళీ దిగింది, మళ్ళీ తప్పించుకుంది. మూడో బాణం వేలు దాటింది.

సమ్మెట లేస్తోంది. పెద్ద ఇనప ముద్ద, బల్లపరుపు అడుగుభాగం, మెల్లిగా లేస్తోంది. వాడి పక్కనుంచి అవతలికి అడుగెయ్యాల్సింది ఇప్పుడే. అడుగెయ్యడానికి నేల మీద నొక్కితే చాలు.

చిన్నది ఆగింది.

ఆగాలనుకోలేదు. దాని వేలు గాలిలో నిలబడిపోయి టక్ కోసం విన్నది. పూర్తిగా లేచాక, కొక్కెంలో పడ్డాక. ఆ ఆటలో అలాంటి చప్పుడు లేదు. వెనక నుంచి "అడుగు!" అని అక్క అరిచింది. చెవికి చేరింది, వేలికి చేరలేదు. సమ్మెట దిగింది. తెర బూడిదరంగుకి మారింది.



"బాగా ఆడావమ్మా, నిజం" అన్నాడు కెప్టెన్. కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుంటూ అక్కవైపు కాకుండా అద్దాలవైపు చూశాడు. "కానీ ఆఖర్లో నిలబడిపోయే మనిషిని పెట్టుకుని... నీకు తెలియంది కాదు."

"తెలుసు" అంది అక్క. "ఆ అమ్మాయినే తీసుకోండి."

"నువ్వు అప్పుడప్పుడూ రా అక్కా" అన్నాడు గోడ.

"వస్తాలే."

రానని అందరికీ తెలుసు.

 ఇంటి మెట్ల దగ్గర అక్క ఆగింది. తిడుతుందేమోనని చిన్నది చూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"తాళం వచ్చేసిందిగా. ఎందుకాగావు?"

"సమ్మెట లేస్తోందక్కా. టక్ మనలేదు."

అక్కకి అర్థం కావడానికి ఒక క్షణమే పట్టింది. చెంగులోంచి చెయ్యి తీసి, ఎవరిదో వస్తువుని చూసినట్టు చూసింది.

"ఆరోజు నువ్వు చూస్తున్నావు కదూ. నేను మర్చిపోయాను."

"నేను మళ్ళీ నేర్చుకుంటానక్కా. ఇంకో నెల. కెప్టెనన్నని బతిమాలతాను..."

"వద్దే" అంది అక్క. గొంతులో కోపం లేదు. అదే చిన్నదాన్ని చంపేసింది. "మిషను దగ్గర ఆగు. అలాగే ఆగు. ఆ ఆగడం నీకు పోకూడదు." మెట్లెక్కుతూ ఇంకో మాట అంది. "నేనిచ్చిన పాఠమే తప్పు. ఆ పాఠాన్ని నేను మిషను దగ్గరికి తీసుకెళ్ళుండకూడదు."

సోమవారం మిషను మామూలుగానే నడిచింది. పలక దిగింది, లేచింది, టక్ మంది. "మీ అక్క ఉంటేనా..." అని మొదలుపెట్టి సూపర్‌వైజర్ ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం చిన్నది ఇంటికొచ్చేసరికి అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కంప్యూటర్ మీద దుప్పటి ఉంది, నాలుగు మూలలూ సర్ది మరీ కప్పి ఉంది. బల్ల మీద చెంచా లేదు. అమ్మ దాన్ని కడిగి వంటింట్లో పెట్టేసింది. టీ మాత్రం రెండు గ్లాసుల్లో తెచ్చి బల్ల అంచున పెట్టి వెళ్ళింది, అలవాటు కొద్దీ.

చిన్నది దుప్పటి తీసింది. కొయ్యబొమ్మ ముందు నిలబడింది. వదులు, అడుగు. వదులు, అడుగు. లేచే సమ్మెట లేదు గనక వేలు ఎక్కడా ఆగలేదు. అంత చక్కగా ఎప్పుడూ రాలేదు. మౌసు చప్పుడు మంచం దాకా వినబడాలని గట్టిగా నొక్కింది. అక్క వీపు కదల్లేదు. ఊపిరి మాత్రం నిద్రపోయేవాళ్ళ ఊపిరిలా లేదు.

అప్పుడు చిన్నది కావాలనే తప్పు చేసింది. బాణం పుట్టకముందే అడుగేసింది. విల్లు వట్టిగా దిగిపోయింది. తాళం విరిగింది. చెవిటివాళ్ళకైనా తెలిసేంత తప్పు.

"తొందర!" అనే మాట కోసం ఆగింది.

మళ్ళీ తప్పు చేసింది. మళ్ళీ ఆగింది. బల్ల మీద రెండో గ్లాసులో టీ మీగడ కట్టింది. ఇంకోసారి, ఇంకోసారి, విల్లు ఎత్తడం, దించడం. ఒక్క బాణమూ బయటికి రాలేదు. కొయ్యబొమ్మ ఎదురుగా నిలబడే ఉంది. మంచం మీంచి ఏ మాటా రాలేదు.