చుక్క మింగిన నిమిషాలు

"ఒక్క నిమిషం పనేగా ప్రమీలా, కాస్త పచ్చడి నూరెయ్," అన్నాడు భవానీప్రసాద్ తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ. పెళ్లయి అయిదు నెలలైనా ఆ గొంతు వింటే ప్రమీలారాణికి గుండె ఝల్లుమంటూనే ఉంది. నవ్వుకుంటూ రోటి దగ్గర కూర్చుంది.

ఆమెకు అన్నీ సంబరాలే. జగ్గయ్యపేట నుంచి సిమెంటు ఫ్యాక్టరీ దాకా అతని నడుం పట్టుకుని స్కూటర్ మీద వెళ్లడం సంబరం. మీద పడే బూడిదరంగు దుమ్మూ సంబరమే. దేవుడి గదికిలాగా కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి, చల్లటి ఏసీలోకి అడుగుపెట్టడం మరీ సంబరం. నందిగామలో ఇంటరు, బెజవాడలో లెక్కల డిగ్రీ, ఆపైన కంప్యూటర్ కోర్సు. ఎనభై ఏడులో ఆ ఫ్యాక్టరీ మొత్తానికి ఆ పెట్టెతో పని చేయించగలిగింది ఆమె ఒక్కతే. అయినా ఉద్యోగం టెంపరరీ. టైమాఫీసులో ఆమెకు పైవాడు మొగుడే.

ఎవరు ఏ రోజు ఎంతసేపు పనిచేశారో గంటలూ నిమిషాలుగా కంప్యూటర్‌కి ఎక్కించి, నెలాఖరున మొత్తం తీయడం ఆమె పని. గంటలకో గడి, నిమిషాలకో గడి పెడదామంది మూడు నెలల కిందట, మొదటిరోజు. "రెండెందుకు? మనం రాసుకున్నట్టే మధ్యలో చుక్క పెట్టి కొట్టు. మొత్తంలో అరవై దాటితే నేను సరిచేసుకుంటాగా," అన్నాడు అతను. జడలో మల్లెలకు ఊపిరి తగిలేంత దగ్గరగా వంగి చెప్పాడు. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. లెక్కల పని సగానికి తగ్గిందని మేనేజరుగారు భవానీప్రసాద్ భుజం తట్టినప్పుడు, తనను తట్టినట్టే పొంగిపోయింది కూడా.

సాయంత్రం ఇద్దరూ ఒకే స్కూటర్ దిగుతారు. అతను పేపరు విప్పుతాడు, ఆమె కొంగు దోపుతుంది. కాఫీ ఒక్క నిమిషం, చొక్కా ఇస్త్రీ ఒక్క నిమిషం, వచ్చిన చుట్టానికి ఉప్మా ఒక్క నిమిషం. ఏసీలో కూచుని వచ్చినదానికి అలుపేముంటుందని అత్తగారు రత్తమ్మ పక్కింటావిడతో అంటే, అది కూడా నిజమేననుకుంది.

నిన్న బస్తాలు కుట్టే దేవమణి టైమాఫీసు కిటికీ దగ్గరికొచ్చింది. "ఈ నెల కూడా గంటలు తగ్గినయ్ సారూ."

"కంప్యూటర్ అబద్ధం చెబుతుందా? నువ్వే ఏదో రోజు ముందెళ్లుంటావ్," అన్నాడు భవానీప్రసాద్. దేవమణి తిరిగి బస్తాల దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు పచ్చడి నూరుతూ, ఆయనగారి ఒక్క నిమిషం ఎంతో చూద్దామని సరదా పుట్టింది ప్రమీలకు. గోడ గడియారం చూసింది. పొద్దుటి వంట గంటా నలభై. మూడు రోజులకు అయిదు గంటలు. ఆఫీసు అలవాటులో చుక్క పెట్టి కూడింది. 1.40, 1.40, 1.40. నాలుగు పాయింటు ఇరవై వచ్చింది.

పచ్చడిబండ చేతిలో ఆగిపోయింది. నలభై నిమిషాలేవి?

నిమిషాలు వంద నిండితే గాని మిషను వాటిని గంటగా కలపడం లేదు. నిండిన ప్రతిసారీ నలభై మాయం. చివరి మొత్తం మాత్రమే చూసి దిద్దే మనిషికి మధ్యలో పోయినవి ఎలా కనబడతాయి?

ఆఫీసుకెళ్లగానే కాగితం మీద వేసి చూపించింది. భవానీప్రసాద్ ముఖం పాలిపోయింది. వచ్చే నెల నుంచి ఆమె చెప్పినట్టే రెండు గడులు పెడదామన్నాడు. గడిచిన మూడు నెలలూ మాత్రం కదపొద్దన్నాడు. మెచ్చుకున్న మేనేజరు ముందు తలెత్తుకోలేనన్నాడు. చివరికి ఆమె చేతిమీద చెయ్యి వేసి, "నువ్వు నా భార్యవి ప్రమీలా," అన్నాడు.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నిన్నటిదాకా అదొక్కటీ చాలు ఆమెకు. ఇంట్లో తన నిమిషాలను ఎవరూ ఎక్కడా ఎక్కించలేదు, అందుకే పోయాయని ఎవరికీ తెలియదు. తనకే తెలియలేదు. దేవమణివి మాత్రం ఎక్కించి మరీ పోగొట్టారు. పోగొట్టింది తన వేళ్లే, మల్లెల మీద ఊపిరికి మురిసిపోయిన వేళ్లు. ఈ మనిషి మీద ఇష్టం చచ్చిపోలేదు, అదే విచిత్రం. కానీ ఆ ఇష్టం కోసం తను లెక్కల డిగ్రీని చెప్పులతో పాటు గది బయటే విడిచి వచ్చిందా?

చెయ్యి మెల్లగా తీసుకుంది. కంప్యూటర్‌లో మూడు నెలల గంటలన్నీ నిమిషాలుగా మార్చి, కూడి, అరవైతో భాగించింది. మేనేజరుగారికి వెళ్లే కాగితం ప్రింటరుకెక్కించి, తప్పెక్కడ జరిగిందో పైన రెండు వాక్యాల్లో కొట్టింది. కింద తన పేరు కొట్టుకుంది.

"ఒక్క నిమిషం ఆగు ప్రమీలా," అన్నాడు భవానీప్రసాద్.

అతని ఒక్క నిమిషం ఎంతసేపో ఆమెకు ఇప్పుడు లెక్క తెలుసు. ప్రింటు బటన్ నొక్కింది.