వెనక్కి తిరగని పెళ్లికారు

ముప్ఫయ్యేళ్లు టాక్సీ తోలిన అ-హువై మామకి తైనాన్ నగరం సందులన్నీ కొట్టినపిండి. అందుకే మేనల్లుడు బో-హన్ పెళ్లికారు ఆయనే తోలాడు. సందు మొదట్లో "ఈ దారి పోదు" అన్న రేకు కనిపించినా లక్ష్యపెట్టలేదు.

"మామయ్యా, బోర్డు!" అంది వెనకసీటులోంచి పెళ్లికూతురు సూ-యిన్.

"అది ఉత్తదేనమ్మా! బండ్లు రాకుండా సందులోవాళ్లే రాసి తగిలిస్తారు. ఇలాంటి బోర్డులు ఎన్ని చూళ్లేదు!"

దూరాడు. వెనకే చుట్టాల కార్లు మరో అయిదు దూరాయి. మూడు మలుపులు తిరిగేసరికి స్కూటర్లు బాగుచేసే కొట్టొకటి దారికి అడ్డంగా నిలబడి ఉంది. దారి నిజంగానే పోదు.

అక్కడి ఆచారం ప్రకారం పెళ్లికారు వెనక్కి నడవకూడదు. దిగి నడుద్దామంటే, అత్తవారి గుమ్మం చేరేదాకా పెళ్లికూతురి కాలు నేల తాకకూడదు. ముహూర్తం ప్రకారం పదకొండులోపు గడప దాటాలి, ఇంకా ఉన్నవి పన్నెండు నిమిషాలు. పైగా సూ-యిన్‌కిది రెండో పెళ్లి. మొదటి పెళ్లికారు ఇలాగే ఓ మలుపులో రెండు గజాలు వెనక్కి వచ్చింది. ఏడాది తిరక్కుండా ఆమె కూడా పుట్టింటికి వచ్చేసింది. ఇలాంటివి తను నమ్మనని అందరితో అంటుందిగానీ, ఇప్పుడు మాత్రం ముందుసీటు పట్టుకుని మామ భుజం మీదికి వంగింది.

"మామయ్యా, ఒక్క అంగుళం వెనక్కి పోయినా నేనూరుకోను!"

కొట్టు యజమానురాలు అ-కిమ్ చేతినిండా గ్రీజుతో బయటికొచ్చింది. "చదువు రాదా ముసలాడా? ఆ బోర్డు నేనే రాశాను, ఇంతింత అక్షరాలతో!"

"ఉత్తదే అనుకున్నానక్కా," అని మామ నసిగాడు.

ఆమె కారులోకి తొంగి చూసింది. ఎర్రబట్టలు, చెరిగిన కాటుక. ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"దారి పోదని రాశానుగానీ, నా కొట్టు పోదని రాశానా?" అంటూ వెనకవైపు షట్టరు ఎత్తేసింది. అవతల పెద్దవీధి ఎండలో తళతళలాడుతోంది.

ఇక చూడాలి సందడి! సూట్లు తొడుక్కున్న చుట్టాలు స్కూటర్లు మోశారు. సందులో అవ్వలు టైర్లు దొర్లించారు. "కుడికి! ఆగు! పోనీ!" అని పదిమంది పదిరకాలుగా అరుస్తుంటే, మామ ఊపిరి బిగబట్టి కారు పోనిచ్చాడు. శుభానికని కారుమీద కట్టిన వెదురుగడ గోడకొక్కేనికి తగిలి, స్కూటరు ట్యూబొకటి దానికి దండలా పడింది. ఆరు కార్లూ దాటాయి. బో-హన్ కిటికీలోంచి పెళ్లి మిఠాయిలు గుప్పిళ్లకొద్దీ విసిరాడు.

పదకొండుకి రెండు నిమిషాలుండగా, పెళ్లికూతురి తలపైన పట్టే జల్లెడతో ఇంటి గుమ్మంలో బో-హన్ నానమ్మ ఎదురొచ్చింది. ముందు ట్యూబుని చూసింది, తర్వాత ముక్కు ఎగబీల్చింది.

"గ్రీజు వాసనేంటే? ఏ దారిన వచ్చారే మీరు?"

సూ-యిన్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ముందుకే వచ్చాం నానమ్మా," అంది. "ముందుకే!"