అల్లుడుగారి కంపెనీ కాగితం

నేను ఒక షేరు సర్టిఫికెట్‌ను. పుట్టింది తొంభై అయిదులో, హైదరాబాదులోని ఒక ప్రెస్సులో. నాకు ముందు ఆ మిషను మీద పెళ్ళిపత్రికలు అచ్చయ్యాయి, నా తరవాత అగరుబత్తి లేబుళ్ళు. వాటిలో దేనిగా పుట్టినా కాస్త మర్యాదగా బతికేదాన్ని.

నెమలిపింఛం రంగు అంచు, మధ్యలో మీసాలు మెలేసిన రొయ్య బొమ్మ, పైన బంగారు అక్షరాలతో 'సుధాంబుధి ఆక్వా ఫార్మ్స్ లిమిటెడ్'. షేరంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతున్నాను, వినండి. కంపెనీలో ఇంత ముక్క నీది అని రాసిచ్చే కాగితం. కంపెనీ బాగుపడితే నీకూ వాటా వస్తుంది, మునిగితే నీ డబ్బూ మునుగుతుంది. మొదటి సగం అమ్మేవాళ్ళు నోరారా చెబుతారు. రెండో సగాన్ని అప్లికేషను వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చు వేస్తారు.

నన్ను కొన్న మహానుభావుడు కొండలరావు. నరసాపురం బస్సు డిపోలో మెకానిక్కు. భార్య మంగతాయారు బస్టాండు గేటు పక్కన తోపుడుబండి మీద ఇడ్లీలు, గారెలు అమ్మేది. ఆవిడకి ఒకే ఒక్క కోరిక. గేటుకి ఎదురుగా ఒక చిన్న కొట్టు అద్దెకి వస్తోంది. నెత్తిన కప్పు, నాలుగు బల్లలు, లోపల కుళాయి. అడ్వాన్సు ముప్ఫై వేలు. దానికోసం నాలుగేళ్ళు చీటీ కట్టి, పొయ్యి సెగలో, రోడ్డు దుమ్ములో నిలబడి ఆ ముప్ఫై వేలూ చేతికి తెచ్చుకుంది.

సరిగ్గా అదే వారం కొండలరావు సొంతూరు వేమవరప్పాడు వెళ్ళొచ్చాడు.

"మన జోగయ్యగారి అల్లుడు రొయ్యల కంపెనీ పెట్టేడే. షేరు పది రూపాయలంట. ఊరూరంతా కొంటన్నారు. మన డబ్బు రెండేళ్ళు అందులో ఉంచితే కొట్టేటి, హోటలే పెట్టెయ్యొచ్చు."

"చెరువులు చూసేరా?" అంది మంగతాయారు.

"ఊరి అల్లుణ్ణి చెరువులు చూపించమని అడుగుతామేటే? బాగోదు."

ఆ వైపు పల్లెల్లో ఒక ఇంటి అల్లుడు ఊరంతటికీ అల్లుడే. అతను వీధిలోకొస్తే అరుగుల మీదవాళ్ళు లేచి నిలబడతారు. కాఫీకి పిలుస్తారు, కోడిని కోస్తారు, ప్రశ్న మాత్రం వేయరు. కంపెనీ లెక్కలేమిటి, అప్పులెన్ని, అసలు రొయ్యలున్నాయా, అన్నీ రాసిన పుస్తకం అప్లికేషనుతోపాటే ఇచ్చారు. దాన్ని కొండలరావు భోజనాల బల్ల కాలు ఊగకుండా కింద పెట్టాడు. మంగతాయారు అర్ధకిలో టమాటాలకి నాలుగు నొక్కి చూస్తుంది. ఆయన నాలుగేళ్ళ చీటీని ముట్టుకుని చూడకుండా ధారపోశాడు.

మూడువేల షేర్లకి మేం ముప్ఫై కాగితాలం రిజిస్టరు పోస్టులో ఇల్లు చేరాం. కొండలరావు మాకు కుంకుమ బొట్లు పెట్టి దేవుడి గూట్లో పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

మొదట్లో షేరు పద్నాలుగు రూపాయలు పలికింది. "అమ్మేద్దారండీ, కొట్టు ఇంకా ఖాళీగానే ఉంది" అంది ఆవిడ. "జోగయ్యగారికి తెలిస్తే ఏవనుకుంటారే? అల్లుడి మీద నమ్మకం లేదా అనరూ?" అన్నాడు ఆయన. తరవాత చెరువులకి తెగులు తగిలిందన్నారు. ఆ తరవాత అసలు చెరువులే తవ్వలేదన్నారు. షేరు తొమ్మిదయింది, ఆరయింది, రెండయింది. కొండలరావు రోజూ పేపరు ముందేసుకుని, "పదికి రానీ, అమ్మేద్దాం. పెట్టింది పెట్టినట్టు రావాలిగా" అనేవాడు. ఓరి పిచ్చి మారాజా! నువ్వు ఎంతకి కొన్నావో మార్కెట్టుకి తెలుసా? తెలిస్తే మాత్రం దానికేం పట్టింది? చివరికి ఒకరోజు పేపర్లో మా పేరే కనిపించలేదు. అప్పటికి ఎదురు కొట్టులో మందుల షాపు వెలిసింది.

ఆ ఏడే వేసవిలో జోగయ్యగారింట్లో పెళ్ళి. అల్లుడుగారు వస్తున్నారని కబురు. మంగతాయారు నన్ను తీసి చేతిసంచిలో పెట్టి, "అందరి ముందూ అడగండి. నా డబ్బేదని అడగండి" అని కొండలరావుని పంపింది. ఆయన దారి పొడుగునా ఏమడగాలో గొణుక్కుంటూనే వెళ్ళాడు. పందిట్లో సగంమంది డబ్బు ఆ కంపెనీలోనే పోయింది. అల్లుడుగారు పట్టు పంచె కట్టి మొదటి పంక్తిలో కూర్చున్నారు. మనవాడు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. అడుగు, అడుగవయ్యా అని సంచిలో కొట్టుకుపోతున్నాను.

అల్లుడుగారు తలెత్తి, "ఏం కొండలరావూ, కులాసాయేనా?" అన్నారు.

"ఆయ్, కులాసాయేనండి బావగారూ. అయ్యయ్యో, మీకు పూతరేకులు వెయ్యలేదేటండీ!" అని కొండలరావు వడ్డించేవాడి చేతిలో పళ్ళెం లాక్కుని, రెండు పూతరేకులు వేసి, వద్దంటున్నా మూడోది కూడా వేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత ఉక్రోషం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

"అడిగేరా?" అంది ఇంటి దగ్గర మంగతాయారు.

"పెళ్ళిలో బాగోదు కదే."

ఆవిడ పప్పు నానబోసుకోవడానికి లేచి వెళ్ళిపోయింది.

తరవాత కొన్నేళ్ళకి గూట్లో చెదలు పట్టి మాలో ఇరవై తొమ్మిదింటిని తినేశాయి. మా కంపెనీ వల్ల కడుపు నిండింది అల్లుడుగారికి, ఆ చెదలకి, అంతే. మిగిలిన నన్ను కొండలరావు లామినేషను చేయించి షేర్ల ఆఫీసుకి పట్టుకెళ్ళాడు. అక్కడి గుమాస్తా నన్ను అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడు షేర్లన్నీ కంప్యూటర్లోనే ఉంటాయండీ. దీన్ని మార్చాలంటే ముందు కంపెనీ ఉండాలి కదా" అన్నాడు. కొండలరావు నన్ను తెచ్చి బియ్యం డబ్బా వెనక పడేశాడు. నెల తిరక్కుండా మంగతాయారు బయటికి లాగి, తడిగుడ్డతో తుడిచి, బండి దగ్గరికి తీసుకుపోయింది. నూనె అంటదు, నీళ్ళు దిగవు. చట్నీ గిన్నె మీద దుమ్ము పడకుండా మూతగా పెట్టింది. ఏం చెయ్యను, నా బతుకులో నేను చేసిన మొదటి మంచిపని అదే.

ఇప్పుడు ఆవిడకి అరవై మూడు. మోకాళ్ళు అరిగిపోయాయి. వాన కురిస్తే బరకం పట్టా కప్పుకుని నిలబడుతుంది. కొండలరావు రిటైరై పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉల్లిపాయలు కోస్తుంటాడు. మొన్న సోమవారం కిరీటి అని మ్యూచువల్ ఫండ్లు కట్టించే కుర్రాడు ఇడ్లీ తింటూ మొదలుపెట్టాడు.

"పిన్నిగారూ, ఒక్క కంపెనీలో పెట్టకూడదండి. మీలాంటివాళ్ళ డబ్బులన్నీ పోగేసి యాభై అరవై కంపెనీల్లో సర్దుతారు. ఒకటి పోయినా ఇంకోటి ఆదుకుంటుంది. నెలకి అయిదొందలు కట్టినా చాలు."

"ఏయే కంపెనీలో చూపిస్తారా?"

"నెలనెలా రాసి పెడతారండి."

"మధ్యలో తీసుకోవచ్చా? నీకెంత మిగుల్తాది?"

కుర్రాడు కాస్త కంగారుపడ్డా, నిజమే చెప్పాడు. కొండలరావు తలెత్తి భార్యవైపు చూశాడు. ఆ ప్రశ్నలు ఆయన నోట ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

"పడిపోదా?" అంది మంగతాయారు.

"పడుతుందండి. గ్యారంటీ లేదు. అందుకే పదేళ్ళదాకా అక్కర్లేని డబ్బే పెట్టాలి."

"పదేళ్ళా? అప్పటికి ఈ కాళ్ళుంటాయా బాబూ?"

"అదేనండి, ఓ ముప్ఫై ఏళ్ళ కిందట మొదలెట్టి ఉంటే ఎంతో అయ్యుండేదండి. అప్పట్లో ఎందులోనూ ఏం పెట్టలేదా?"

"పెట్టేం."

ఆవిడ నన్ను గిన్నె మీంచి తీసి, కొంగుతో తుడిచి అతని చేతికిచ్చింది. కిరీటి నా మీది రొయ్యనీ, బంగారు అక్షరాలనీ చూసి, ఆ పేరు ఎప్పుడూ విన్నట్టు లేక, "ఏటండీ ఇది?" అన్నాడు.

పక్కన ఉల్లిపాయలు కోస్తున్న కత్తి చప్పుడు ఆగింది.

"మా కొట్టు బాబూ" అంది మంగతాయారు.