విప్పని పొట్లం

వానలు పడ్డ మూడో వారంలో వాగు అవతలి ఊళ్ళో ఒకే ఇంట్లో ముగ్గురు తెల్ల పుట్టగొడుగుల కూర తిని చనిపోయారు. మర్నాడు పత్రికలో షిల్లాంగ్ పరిశోధనాలయం అధికారి మాటలు పడ్డాయి: "కొండల్లో ఆడవాళ్ళకు ఏది మంచిదో ఏది విషమో తెలియదు. కనిపించిందల్లా వండేస్తారు."

మా థీలిన్ అక్క ఆ వార్త రెండుసార్లు చదివింది. నోట్లో పెట్టుకోబోయిన తమలపాకు పక్కన పడేసింది.

"మనకు తెలియదంట! పద, షిల్లాంగ్ పోదాం."

ఏడేళ్ళ క్రితం ఆ పరిశోధనాలయం వాళ్ళే మా ఊరొచ్చి పుట్టగొడుగుల వివరాలు రాయడం నేర్పారు. మిగతా ఆడవాళ్ళు ఒక్క వానకాలంతో మానేశారు. అక్క మానలేదు. కాడ విరగకుండా మట్టితో సహా పెకలించేది. ఏ చెట్టు కింద దొరికింది, ఏం వాసన, కోస్తే ఏ రంగు తిరిగింది, అన్నీ అక్కడే తడి చేతులతో రాసేది. పొయ్యి మీది అటకపై ఎండబెట్టి, పొట్లం కట్టి, అంకె వేసి వాళ్ళకు పంపేది.

అధికారి పేరు స్టార్వెల్. అక్కను చూడగానే లేచి, మా భాషలో అక్కా అన్నట్టు కాంగ్ అని పిలిచాడు.

"రండి కాంగ్, కూర్చోండి. టీ తాగుతారా?"

"టీ వద్దు. నాలుగేళ్ళ కిందట పంపిన రెండు వందల పన్నెండో పొట్లం తియ్యండి."

బీరువా అడుగున ఒక గోనెసంచిలో దొరికింది. అక్క వేసిన ముడి వేసినట్టే ఉంది.

"విప్పండి. లోపలి కాగితం పైకి చదవండి."

అతను ముడి విప్పి చదివాడు. "పైన్ చెట్ల కింద. తెలుపు. మేం తినేదానిలాగే ఉంది గానీ కాడ అడుగున సంచి ఉంది. నాకు భయంగా ఉంది. విషమో కాదో చెప్పండి, సంతలో అందరికీ చెబుతాను."

అతను కాగితం మడిచాడు.

"ఇక్కడ మనుషులు తక్కువ కాంగ్..."

"అవును. ఇప్పుడు అక్కడ కూడా ముగ్గురు తక్కువయ్యారు." అంది అక్క. "దీన్ని తినొద్దని మా ఊళ్ళో చెప్పాను. మీ కబురొస్తుందని వాగు దాటి చెప్పలేదు. ఆ తప్పు నాది, నేనే మోస్తా. మీ తప్పు తెచ్చి మా నెత్తిన వేస్తారా?"

"పత్రికకు మళ్ళీ చెప్పాలంటే పైవాళ్ళు ఒప్పుకోరు..."

అక్క ఆ కాగితం అతని చేతిలోంచి తీసుకుంది. ఆపబోయాడు గానీ ఆమె మొహం చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అటునుంచి అటే పత్రికాఫీసుకు నడిచాం. ఆ కాగితం సంగతి గురువారం నాలుగో పేజీలో చిన్నగా వేశారు. క్షమాపణ రాలేదు. ఇకమీదట పొట్లాలు పంపేవాళ్ళు ముందుగా అనుమతి తీసుకోవాలని పరిశోధనాలయం నుంచి ఉత్తరం మాత్రం వచ్చింది. అక్క దాన్ని పొయ్యిలో పెట్టింది.

ఆ తర్వాత ప్రతి సంతకూ వెళ్ళి పుట్టగొడుగులమ్మే వాళ్ళ పక్కన కూర్చునేది. మంచిదీ చెడ్డదీ నిలువునా కోసి చూపించేది. ఒకరోజు చనిపోయినవాళ్ళ ఇంటి ముసలావిడ ట్రోలిన్ వచ్చింది. చెడ్డదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నీకు దీని సంగతి ముందే తెలుసా?"

"అనుమానం ఉండింది. నీ దగ్గరికొచ్చి చెప్పలేదు."

తిడుతుందేమోనని నేను భయపడ్డాను. ఆవిడ చెయ్యి కడుక్కుంది.

"నాకు రాయడం రాదు. మావాళ్ళు ఎక్కడ కోశారో చూపిస్తా, రాసుకో."

మర్నాడు ముగ్గురం అడవికి వెళ్ళాం. వానలో గొడుగు నేను పట్టాను. అక్క అన్నీ రాసి, సేకరించినవారి పేరు దగ్గర ట్రోలిన్ అని రాసింది.