తలకిందుల కర్ర

నేను ఒక గోల్ఫ్ కర్రని. పేరుకి కర్రనే గాని, ఒళ్ళంతా గాలించినా నాలో చెక్క పుల్ల ఒక్కటి దొరకదు. తల ఇనుము, కాడ ఉక్కు, పట్టుకునే చోట తోలు తొడుగు. తల మీద ఏడు అంకె చెక్కి ఉంటుంది. అది మా గుంపులో నా నంబరు. పరీక్షలో నాకొచ్చిన మార్కులనుకుని జాలిపడినవాళ్ళూ ఉన్నారు. మీ మనుషులకి తల పైకి ఉంటే గొప్ప. మా జాతికి తల నేలకి ఆనితేనే మర్యాద. ఈ చిన్న తేడా తెలియకపోబట్టే ఇంత కథ నడిచింది.

పుట్టింది జలంధర్‌లో, ఆటసామాన్ల కార్ఖానాలో. నన్ను ఎర్రగా కాల్చి, సుత్తితో బాది తల వంచిన మేస్త్రి, "వంచాల్సినంతా నేనే వంచేశాను, ఇక నువ్వెవడి ముందూ తల వంచక్కర్లేదు పో" అన్నాడు. పంజాబీలో అన్నాడు. నాకు అర్థమైనది ఇంతే, కొంచెం అటూఇటూ కావచ్చు.

అక్కణ్ణుంచి విశాఖపట్నంలో ఒక కంపెనీ మేనేజరు చేతికి వచ్చాను. ఆయన బంతిని కొట్టినదానికంటే గడ్డిని కొట్టినదే ఎక్కువ. ఆయన వస్తున్నాడంటే మైదానం మాలీ సంతోషపడేవాడు, ఆ పూటకి తవ్వే పని తప్పిందని. కానీ ఒకే ఒక్కరోజు మేనేజరుగారు కళ్ళు మూసుకుని బాదితే, బంతి కంచె దాటి, పక్కనే వెళ్తున్న గూడ్సు బండి ఖాళీ పెట్టెలో పడింది. ఆ బండి ఘాటీలు ఎక్కి, సొరంగాలు దూరి, ఇనపగనుల దగ్గర ఆగేదాకా బంతి దిగలేదు. ఒక్క దెబ్బకి రాష్ట్రం దాటిన బంతి ప్రపంచంలో అదొక్కటే. నేను అబద్ధమాడితే నా తల తుప్పు పట్టిపోవాలి!

ఆ దెబ్బతో ఆయనకి ఆట మీద తృప్తి కలిగినట్టుంది, మళ్ళీ మైదానం ముఖం చూడలేదు. కొన్నాళ్ళు ఆ ఇంట్లో మామిడికాయలు దులిపాను, కోతుల్ని అదిలించాను, మంచం కింద పడిన దువ్వెన్లు లాగాను. ఆయనకి బదిలీ అయినప్పుడు పాత ఫ్యాన్లతో, విరిగిన బకెట్లతో పాటు పాత సామాన్ల కొట్టుకి చేరాను. నా తోటివాళ్ళ కథలన్నీ ఇక్కడితో ముగుస్తాయి. నాది ఇక్కడే మొదలైంది.

ఒకరోజు నూకరత్నం ఆ కొట్టుకి పాత పేపర్లు వేయడానికి వచ్చింది. గుట్టలోంచి తల పైకి పెట్టి తొంగిచూస్తున్న నన్ను చూసి, తల పట్టుకునే బయటికి లాగింది. నా వంపు ఆవిడ అరచేతిలో కొలిచి చేయించినట్టు కూర్చుంది. నేలకి పోటు పెట్టి నాలుగడుగులు వేసి చూసుకుంది. "మా మావకి ఇదే సరి" అని ఇంటికి పట్టుకుపోయి, నా తోలు పట్టు చివరికి రబ్బరు బుష్షు తొడిగింది. అలా ఆటకర్రనైన నేను తలకిందులై చేతికర్రనయ్యాను. ఒక రాజుగారి చేత శీర్షాసనం వేయించి, అలాగే ఉద్యోగం చెయ్యమన్నట్టయింది నా పని.

ఆ మావ, అంటే ఆవిడ మొగుడి పేరు గవర్రాజు. ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైనవాడు. అరకు ఘాట్ రోడ్డు మీద క్లచ్చు తొక్కితొక్కి ఎడం మోకాలు అరగదీసుకున్నాడు. ఆపరేషను చేసి కొత్త కీలు వేశారు. "రోజూ నడవాలి. మొదట్లో చేతికర్ర పట్టుకోండి. కూర్చుండిపోయారంటే కీలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత మిమ్మల్ని కుర్చీలోంచి లేపడం ఎవరి తరమూ కాదు" అని డాక్టరు గట్టిగానే చెప్పాడు. కానీ గవర్రాజుకి చేతికర్ర మాటంటే ఒళ్ళుమంట. కర్ర పట్టుకుని వీధిలోకి వెళ్తే ముసలివాణ్ణయ్యానని టముకు వేసుకున్నట్టేనని ఆయన బాధ. అందుకని వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే బస్సుల్లో గేర్లు మార్చడం బాగాలేదని తిడుతూ కాలం గడుపుతున్నాడు. కాలు రోజురోజుకీ దూలంలా తయారవుతోంది.

నూకరత్నం నన్ను ముందు పెట్టగానే ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

"నాను సచ్చినా కర్ర పట్టుకోనని సెప్పలేదేటే?"

అంటూనే ఓరకంట నా తల చూశాడు. ఏడు అంకె చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఓసి రత్తం, ఇది సేతికర్ర కాదే! గోల్ఫు! మా డిపో మేనేజరు గదిలో కేలండరు మీద కోటేసుకున్న దొర సేతిలో ఉండేది ఇదే!"

ఆవిడకి గోల్ఫంటే తినేదో తాగేదో తెలియదు గాని, సమయం మాత్రం తెలుసు. "అయితే మరింకేటి మావా, గోల్ఫే పట్టుకో. కర్ర పట్టుకోమని నానన్నానా?" అంది.

మర్నాడు పొద్దున్నే గవర్రాజు నా తల పట్టుకుని కుర్చీలోంచి లేచాడు. లేస్తూ నాలుగు కేకలు పెట్టాడు, రెండు దేవుణ్ణి, రెండు డాక్టర్ని. అయినా లేచాడు. వీధి చివర అప్పలకొండ టీ బడ్డీ దాకా వెళ్ళేసరికి చొక్కా తడిసిపోయింది.

"ఏటి బావా, సేతికర్రొచ్చేసిందేటి?" అన్నాడు అప్పలకొండ, పాలు పైకెత్తి పోస్తూ. బడ్డీ దగ్గర బెంచీ మీదున్న పాత డ్రైవర్లూ కండక్టర్లూ అందరూ తలలు తిప్పారు.

"సేతికర్రేట్రా గుడ్డోడా? గోల్ఫు బ్యాటిది! డాక్టరు ఆడమన్నాడు. మైదానానికెల్తన్నాను."

అనేశాడు. అన్నాక ఏం చేస్తాడు? వెళ్ళక తప్పదు కదా. గోల్ఫు మైదానం రెండు వీధులవతల, కొండవాలు కింద ఉంది. ఆగుతూ, మూలుగుతూ అంతదూరం నడిచి, మైదానం పిట్టగోడ మీద కూలబడి, లోపల ఆడేవాళ్ళని చూసి వెనక్కొచ్చాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నడిపించడానికి డాక్టరు మందు పనిచెయ్యలేదు గాని, గవర్రాజు కోసిన కోత మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది.

కోత కూడా కాలితో పాటే పెరిగింది. "ఇయ్యాల నా దెబ్బకి బంతి ఎల్లి ఓడ పొగగొట్టంలో పడిపోనాదిరా! కెప్టెనే దిగొచ్చి ఇచ్చేసి ఎల్లాడు" అని బెంచీ మీద చెప్పేవాడు. ఇంకోరోజు బంతి కొండవతల గేదె కొమ్ముకి గుచ్చుకుందనీ, గేదె అది నగ అనుకుని తియ్యనివ్వలేదనీ చెప్పాడు. గూడ్సు బండి సంగతి నాకే తెలుసు కాబట్టి, ఇవన్నీ అసంభవమని నేను మాత్రం ఎలా అనగలను?

చివరికి అప్పలకొండే కొంప ముంచాడు. "ఆదివారం బడ్డీ మైదానం గోడ కాడికే తోసుకొచ్చేత్తాను బావా. మనోళ్ళందరం నీ ఆట సూడాలి" అన్నాడు. బెంచీ అంతా ఈలలు వేసింది.

ఆ రోజు ఇంటికొచ్చిన గవర్రాజు నన్ను తలుపు మూలకి విసిరేసి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడు పొద్దున లేవలేదు. ఆ పై రోజూ లేవలేదు. మోకాలు నొప్పన్నాడు. ఇప్పుడిప్పుడే వంగుతున్న కాలు మళ్ళీ బిగుసుకోవడం మొదలుపెట్టింది. ఈసారి కూర్చుంటే ఇక లేవడని నూకరత్నానికి తెలుసు. మూల పడి ఉన్న నాకూ తెలుసు.

"పోనీలే మావా, నానే ఎల్లి సెప్పేత్తాను" అంది ఆవిడ, చింతపండు పిక్కలు తీస్తూ. "మావోడు గోల్ఫూ లేదు, గీల్ఫూ లేదు, గోడెక్కి కూకుని సూసొచ్చేవోడు అని."

గవర్రాజు ఉలిక్కిపడ్డాడు. "నీకెవులు సెప్పారే?"

"సెప్పడమేటి? రోజూ నీ ఎనకాలే వొచ్చేదాన్ని కానా? దార్లో పడిపోతావని బయమేసి. నువ్వు గోడ మీద కూకుంటే నాను సింతసెట్టు సాటున కూకునేదాన్ని. నడిసినంతసేపూ మా బాగా నడిసేవోడివి. అబద్దమైతేనేటి, కాలు నిజంగానే నడిసింది గదా?"

ఆయన మోకాలు ఒకసారి వంచి చూసుకున్నాడు. తర్వాత "ఆ మూలనున్నది ఇలాగియ్యి" అన్నాడు.

ఆ రోజు గోడ దగ్గర ఆగలేదు, గేటు దాకా వెళ్ళాడు. అక్కడ హైమావతిగారు కనిపించారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పెద్ద ఆఫీసరుగా చేసి ఎప్పుడో రిటైరైన మనిషి. ఎనభైకి దగ్గరపడినా పొద్దున్నే టోపీ పెట్టుకుని ఆటకి తయారు. గోడ మీద ఈయన్ని రోజూ చూస్తున్నదే కాబట్టి నవ్వి, "ఆడతారా? మీ హ్యాండికాప్ ఎంత?" అని అడిగారు.

గవర్రాజు మొహం నల్లబడింది. "అమ్మా, ఎడం మోకాలొక్కటేనండి. మిగతాదంతా సుబ్బరంగా ఉంది. పెన్సను కోసం రాలేదు నాను."

ఆవిడ టోపీ ఊడిపడేలా నవ్వారు. "అయ్యో, అది కాదండీ! ఈ ఆటలో ఎవరికెంత చేతకాదో ముందే చూసి, అన్ని దెబ్బలు మినహాయించేస్తారు. దాని పేరు హ్యాండికాప్. అందుకే నేను నా మనవరాలితో సమానంగా ఆడతాను. ఒక్కోసారి గెలుస్తాను కూడా."

"సేతకాని దానికి ఇనామిస్తారేటి?" గవర్రాజు నోరు తెరిచాడు. "నలబయ్యేళ్ళు ఉజ్జోగం సేసినా ఈ రూలు ఎక్కడా సూడలేదు తల్లీ!"

"సరే, ముందు ఆ కర్రని తిరగేసి పట్టుకోండి. పాపం, తలకిందులుగా ఉంది."

గవర్రాజు కదల్లేదు. నా తల మీద ఆయన అరచెయ్యి చెమట పట్టడం నాకు తెలుస్తూనే ఉంది. నన్ను తిరగెయ్యాలంటే నేల మీంచి ఎత్తాలి. ఎత్తితే ఆయన తన కాళ్ళ మీద తాను నిలబడాలి.

"దీని మీదే నిలబడ్డానమ్మా" అన్నాడు మెల్లగా.

ఆవిడ తన భుజం ఆయన చేతికి అందేలా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆ పూట ఆ భుజం పట్టుకుని నిలబడటం ఒక్కటే జరిగింది. మర్నాడు భుజం వదిలి రెండు క్షణాలు. ఆ మర్నాడు నన్ను గడియారం లోలకంలా ఊపడం. ఆయన చేతులకి చిన్నప్పటి కర్రాబిళ్ళ గుర్తుకొచ్చింది. నాకు జలంధర్ గుర్తుకొచ్చింది.

ఆదివారం రానే వచ్చింది. అప్పలకొండ బడ్డీ తోసుకొచ్చి గోడవతల స్టవ్వు వెలిగించాడు. డిపో బెంచీ అంతా గోడెక్కి కూర్చుంది. ఈసారి నూకరత్నం చింతచెట్టు చాటున లేదు, అందరికంటే ముందే ఉంది.

గవర్రాజు రబ్బరు బుష్షు లాగి జేబులో వేసుకున్నాడు. నన్ను పైకెత్తాడు. తిప్పాడు. ఎన్నేళ్ళకో నా తల పచ్చగడ్డికి ఆనింది. పైన ఆయన ఊగాడు, నిలదొక్కుకున్నాడు. ఊపిరి పీల్చి బాదాడు.

ఏదో పైకెగిరింది. గోడ మీదివాళ్ళంతా చప్పట్లు, ఈలలు. "అదిగో బంతి! కొట్టేశాడ్రా బావ!"

ఎగిరింది బంతి కాదు, జానెడు మట్టిగడ్డ. బంతి ఉన్నచోటే ఉంది. ఆ సంగతి ఆయనకీ, హైమావతిగారికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నెల రోజులుగా కోతలు కోసిన మనిషికి అంతకంటే మంచి అవకాశం వస్తుందా? నవ్వేసి, చేతులూపి, ఇంటికి పోవచ్చు. కుర్చీ అక్కడే ఉంది.

గవర్రాజు గోడ వైపు తిరిగాడు.

"ఆగండెహె! అది మట్టిరా. బంతి ఇక్కడే ఉంది. ఇన్నాళ్ళూ సెప్పినవన్నీ కూడా మట్టే. ఇదిగో, ఇది సూడండి, ఇదొక్కటే నిజం!"

నవ్వులు ఆగకముందే రెండో దెబ్బ కొట్టాడు. నా తలకి బంతి తగిలిన ఆ చప్పుడు మీకెలా చెప్పను, ఒంట్లో ఎముకలన్నీ ఒకేసారి లడ్డూ తిన్నట్టు! బంతి లేచింది. కాకపోతే కొంచెం వంకరగా, గోడ వైపే లేచింది.

"ఫోర్!" అని హైమావతిగారు గట్టిగా అరిచారు. బంతి మీదికొస్తోంది తప్పుకోండని దానర్థం.

"నాలుగేటమ్మా?" అప్పలకొండ గోడవతల నుంచి అంతకంటే గట్టిగా అరిచాడు. "ఇంతమందున్నారు, నాలుగు టీలేటి సరిపోతాయి?"

బంతి అతని పాలగిన్నెకి ఎదురుగా దూసుకొచ్చి, ఇవతలే గోడకి తగిలి, బుద్ధిగా మైదానంలోకే వచ్చి పడింది. నవ్వుల్లో పడి ఇంకెవరూ గమనించని సంగతి నూకరత్నం ఒక్కతే చూసింది. గవర్రాజు బంతి దగ్గరికి నడిచి వెళ్తున్నాడు. నేను ఆయన భుజం మీద ఉన్నాను.

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, "అప్పలకొండా, నాకో టీ ఇయ్యి, పంచదార ఎక్కువెయ్యి" అంది.

ఇప్పుడు గవర్రాజు వారం వారం హైమావతిగారి జట్టులో ఆడుతున్నాడు. ఓడినప్పుడల్లా తన హ్యాండికాప్ గురించి గొప్పలు చెబుతాడు, అది తనకి మైదానంలో అందరికంటే ఎక్కువట. కోతలు మానలేదు. కాకపోతే చివర "ఇది మట్టే లెండి" అని తనే కలుపుతాడు. ప్లాస్టిక్ కుర్చీలో ఇప్పుడు నూకరత్నం వడియాలు ఎండబెడుతోంది.

ఈ పొద్దున టీ తాగి, నన్ను బడ్డీ బల్లకి ఆనించి, కబుర్లు చెప్పుకుంటూ ఆయన ఇంటికి బయల్దేరాడు. సగం వీధి దాటాక అప్పలకొండ చూసి కేకేశాడు.

"బావా, నీ మూడో కాలు ఇక్కడే మరిసిపోనావు!"

"కాలు కాదురా అది, సెయ్యి!" అని వెనక్కి తిరగకుండానే అరిచాడు. "సాయంత్రం ఆటకొచ్చినప్పుడు తీసుకుంటాన్లే!"

మనుషులు నన్ను పారేశారు, అమ్మేశారు, తలకిందులు చేశారు. మరిచిపోవడం మాత్రం ఇదే మొదటిసారి. నాకింత గౌరవం ఇంతకుముందెప్పుడూ దక్కలేదు. ఎండలో, తల నేలకి ఆనించుకుని, సాయంత్రం కోసం చూస్తున్నాను.