బడి ముందు తెల్ల ఆవిరి

మైనస్ ముప్పై నాలుగు డిగ్రీల చలిలో ఒక తాత మనవరాలి కోసం బడి ముందు బండిలో కూర్చుని ఎదురుచూస్తుంటే చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది. కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రంలోని మా చిన్న ఊళ్ళో ఆ ముచ్చటకు ఏ చలికాలమూ లోటు లేదు. అందులో అపకారం ఉందని ఎవరైనా అంటే, అన్నవాళ్ళకే మనసు లేదనుకునేవాళ్ళం. ఆ అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ కథ చెప్పే అర్హత నాకు కొంచెం ఉంది.

ఒరెస్ట్ మెల్నిచుక్ ముప్పై ఏళ్ళు ధాన్యపు గోదాములో పనిచేసి రిటైరైన మనిషి. మనవరాలు కలీనాకు ఆరేళ్ళు. బడి గంట మూడున్నరకు కొడతారు. ఒరెస్ట్ మాత్రం మూడింటికి పావుగంట ముందే వచ్చి గేటు ఎదురుగా మొదటి చోటు పట్టేసేవాడు. ఆపై ముప్పావుగంట సేపూ ఇంజను ఆడుతూనే ఉండాలి, హీటరు తిరుగుతూనే ఉండాలి. కలీనాకు రెండేళ్ళప్పుడు న్యుమోనియా వచ్చి పది రోజులు ఆసుపత్రిలో ఉంది. అప్పటినుంచి ఆ పిల్ల చల్లటి సీటు మీద కూర్చోవడమంటే ఈయనకు ప్రాణం మీదికి వచ్చినట్టే.

అలాంటి ప్రేమ ఒక్క ఒరెస్ట్ సొత్తేమీ కాదు. ఆయన వెనక ఇరవై, పాతిక బండ్లు వరసగా నిలబడేవి. అన్నిట్లోనూ తాతలో, అమ్మమ్మలో, తల్లులో. అన్ని ఇంజన్లూ ఆడుతూనే ఉండేవి. గాలి కదలని రోజున, అంత చలిలో, బండ్ల పొగగొట్టాల్లోంచి వచ్చే తెల్లటి ఆవిరి పైకి పోదు. నేలమీదే పేరుకుని, మెల్లగా వీధంతా నిండి, పెద్దవాళ్ళ నడుము దాకా వచ్చేది. పెద్దవాళ్ళ నడుమంటే ఒకటో తరగతి పిల్లలకు నెత్తి.

ఆ తెలుపులో నిలబడి పిల్లల్ని రోడ్డు దాటించే మనిషి అడెలీన్ బువెట్. చేతిలో బండ్లను ఆపే ఎర్రటి ఆగుపలక, ఒంటిమీద మెరిసే చొక్కా. పంతొమ్మిదేళ్ళుగా అదే మలుపు, అదే పని. ఒరెస్ట్‌కూ ఆమెకూ చిన్నప్పుడు అదే బడిలో ఒకే బెంచీ. అందుకే వాళ్ళిద్దరి మధ్య మర్యాదలేమీ ఉండేవి కావు.

"ఏమయ్యా, ఇంజను ఆపవా? ఇక్కడ నా బూట్లు నాకే కనబడి చావట్లేదు," అంటూ అద్దం మీద కొట్టేది ఆమె.

ఒరెస్ట్ అద్దం రెండు వేళ్ళ మందం దించేవాడు. "ఒట్టి ఆవిరే కదే తల్లీ! నీ ఇంట్లో కెటిల్లోంచి వచ్చేదీ అదేగా. దానికింత రాద్ధాంతమా?"

"నా కెటిల్ బడి పిల్లల మొహాల మీదికి ఊదదు. కనబడేది ఆవిరే. దాంతోపాటు వచ్చే విషమే కనబడదు, అదీ దాని తెలివి. ఈ దగ్గు నాకు ఊరికే వచ్చిందనుకుంటున్నావా?"

"ఆపితే మళ్ళీ స్టార్టవుతుందని ఎవరు హామీ? ఈ బండిని నేను నవంబర్లో స్టార్ట్ చేస్తే మార్చిలోనే ఆపేది!"

"నీ నోరు కూడా అంతేగా," అని ఆమె వెళ్ళిపోయేది. వెనక బండ్లలో వాళ్ళంతా నవ్వేవారు. బడివాళ్ళు "దయచేసి ఇంజను ఆపండి" అని ఒక బోర్డు కూడా పెట్టారు గానీ, గంట కొట్టే వేళకు ఆ బోర్డే ఆవిరిలో కనబడేది కాదు.

జనవరిలో ఒక గురువారం జరిగింది ఇది. గాలి బొత్తిగా లేదు. మంచు తోసే యంత్రం ముందు రోజు ఊడ్చిన మంచునంతా ఒరెస్ట్ చోటు ముందే గుట్టగా పోసిపోయింది. బయటపడాలంటే ఆయన కాస్త వెనక్కి వచ్చి తిప్పుకోవాలి. గంట కొట్టారు. పిల్లలు తెలుపులోకి బిలబిలా దిగారు. వెనక తలుపు తెరుచుకోవడం, సంచీ సీటు మీద పడడం, తలుపు ధడేలున మూసుకోవడం ఒరెస్ట్ విన్నాడు.

"బెల్టు పెట్టుకో బంగారం," అన్నాడు. జవాబు రాలేదు. జవాబు రాకపోవడం మామూలే. ముక్కుదాకా మఫ్లరు చుట్టిన పిల్ల ఏం మాట్లాడుతుంది? అంత లావు కోటు, దాని మీద టోపీ వేసుకుని వెనక్కి తిరిగి చూడడం ఆయన వల్లా కాదు. అద్దంలో చూశాడు. తెలుపు తప్ప ఏమీ లేదు. రోజూ ఉండేదీ అంతే. గేరు వెనక్కి వేశాడు.

కలీనా బండిలో లేదు. సంచీ లోపల పడేశాక చేతికి తొడుగు లేదని చూసుకుంది. తలుపు మూసేసి, అది ఎక్కడ పడిందో వెతుక్కుంటూ బండి వెనక గొట్టానికి కాస్త అవతల వంగి కూర్చుంది.

మలుపు దగ్గరున్న అడెలీన్ పిల్లల్ని లెక్కపెట్టడం అలవాటైన మనిషి. గేటు నుంచి రోడ్డుదాకా ఎన్ని టోపీలు వచ్చాయో, ఎన్ని ఎక్కాయో ఆమె కళ్ళు వాటంతటవే చూసుకుంటాయి. ఒక ఎర్రటి టోపీ బండి వెనక తెలుపులోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. అంతలో ఆ బండి కదిలింది. అరవై ఆరేళ్ళ ఆ మనిషి, జారే మంచు మీద, పరుగెత్తింది. బండికీ ఆ ఎర్రటి టోపీకీ మధ్య నిలబడి, ఆగుపలకతో వెనక తలుపు మీద శక్తికొద్దీ బాదింది. పలక రెండు ముక్కలైంది. బండి ఆమె మోకాలికి జానెడు దూరంలో ఆగింది.

ఒరెస్ట్ మండిపడుతూ దిగాడు. "నీకేమైనా పిచ్చెక్కిందా! మొన్ననే రంగు వేయించాను దీనికి!"

అడెలీన్ కోటు వెనకనుంచి ఒక చిన్న గొంతు వచ్చింది.

"తాతా! నా చేతి తొడుగు దొరికింది!"

ఒరెస్ట్ అక్కడే మంచులో కూలబడ్డాడు. కలీనాను దగ్గరకు లాక్కుని ఎంతసేపు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు. "తాతా, నలిపేస్తున్నావు," అని ఆ పిల్ల గింజుకుంది. తర్వాత ఆయన లేచి ఇంజను ఆపేశాడు. రెండు నిమిషాల్లో బండి వెనక రోడ్డు శుభ్రంగా కనబడింది. పిల్ల కూర్చున్న చోటు కూడా కనబడింది.

జరిగింది తన కూతురికి, కలీనా తల్లికి, చెప్పకుండా దాచవచ్చు. ఒరెస్ట్ దాచలేదు. ఆ సాయంత్రం నర్సు డ్యూటీ దిగి వచ్చిన లారిసాను కూర్చోబెట్టి మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు.

"కొన్నాళ్ళు నేనే తెచ్చుకుంటాలే నాన్నా. డ్యూటీ మార్చమని అడుగుతాను," అంది.

కోప్పడి ఉంటే ఆయన తట్టుకునేవాడు. ఆ మెత్తని మాటకు మాత్రం లోపల ఏదో విరిగింది. కలీనాను బడినుంచి తీసుకురావడం తప్ప ఆయన రోజులో మరో వెలుగు లేదు.

ఇంట్లో కూర్చుని కుమిలిపోయే మనిషి కాదు ఒరెస్ట్. మర్నాడే, గడ్డకట్టిన మంచు మీద రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ ఆట క్లబ్బుకు వెళ్ళాడు. క్లబ్బు బడికి రెండు వీధుల అవతల. దాని వాకిట్లో పద్దెనిమిది కరెంటు స్తంభాలున్నాయి. మా ఊళ్ళో ప్రతి బండికీ ముక్కు దగ్గర ఒక ప్లగ్గు తీగ వేలాడుతుంది. దాన్ని స్తంభానికి తగిలిస్తే ఆపిన ఇంజను కూడా గడ్డకట్టదు. ఆ స్తంభాలు మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటాయి. అవి బడికి వచ్చేవాళ్ళకు ఇవ్వాలని, లోపల టీ తాగుతూ బడి గంట కొట్టేదాకా కూర్చోనివ్వాలని కమిటీని అడిగాడు. వాళ్ళు సరేనన్నారు.

ఆదివారం క్లబ్బులో పెరోగీల భోజనాలు, అంటే బంగాళాదుంప కూరి ఉడికించిన కజ్జికాయలు. ఊరు సగం అక్కడే ఉంది. వెనక బల్ల దగ్గర లారిసా, కలీనా. పొయ్యి పక్కన దగ్గుతూ అడెలీన్. ఒరెస్ట్ గరిటెతో గ్లాసు మీద కొట్టి లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ నలుగురిని నవ్వించే మనిషి. ఆ రోజు నవ్వించడానికి లేవలేదు.

"గురువారం నేను నా మనవరాలి మీదికి బండి పోనిచ్చి ఉండేవాణ్ణి. ఎవరి పుణ్యాన ఆగిందో అదుగో, అక్కడ కూర్చుని నాకేసి చూడకుండా పెరోగీల మీది ఉల్లిపాయలు తింటోంది."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

"పంతొమ్మిదేళ్ళుగా వచ్చే బండ్లన్నిటినీ ఇంజను ఆపమంటోంది. ఒట్టి ఆవిరేనని ఎగతాళి చేశాను. మీరంతా నవ్వారు, నాకు బాగుండేది. నా పిల్ల సీటు వెచ్చగా ఉండాలనుకున్నాను. ఆ గొట్టం ఊదేది ఆరేళ్ళ పిల్ల మొహం మీదికేనని ఒక్కరోజూ వంగి చూడలేదు. రేపట్నుంచి నా బండి ఇక్కడే ప్లగ్గుకి పెట్టి బడిదాకా నడిచి వెళ్తాను. మా కలీనాని తీసుకురానిస్తారో లేదో తెలీదు. రానివ్వకపోయినా నడుస్తాను. అడెలీన్‌కి తోడుగా నిలబడి మీ పిల్లల్ని దాటిస్తాను."

వెనక బల్ల దగ్గర లారిసా కళ్ళు తుడుచుకుంది.

"మూడున్నరకి గంట, నాన్నా," అంది, అందరికీ వినబడేలా. "ఆలస్యం చేయకు."

ఒరెస్ట్ కూర్చోబోయాడు. అడెలీన్ అటునుంచే అరిచింది. "చెప్పాల్సింది చెప్పి కూర్చోవయ్యా, ఆ పాతిక బండ్లవాళ్ళూ ఇక్కడే వింటున్నారు!"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ నిలబడ్డాడు.

"ఇంజను ఆపండి. చల్లబడిన సీటు నాలుగు నిమిషాల్లో వేడెక్కుతుంది. మన పిల్లకి వెచ్చదనం కోసం వీధిలో పిల్లలందరినీ కనబడకుండా చేసే ప్రేమ ప్రేమే కాదు."